అంతా క్షేమం సార్

ఆ గది తలుపుకి రెండు కాగితాలు అంటించారు. పై కాగితం మీద ‘బహిరంగ విచారణ’ అని ఉంది. కింది కాగితం మీద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని ఉంది. రెండూ ఒకే చేతిరాత. అంటించినవాడికి నవ్వొచ్చిందో లేదో తెలియదు గాని నాకు మాత్రం వచ్చింది. తమ్ముడు పోయాక నేను నవ్వడం అదే మొదలు. అది మంచి నవ్వు కాదని పక్కనే ఉన్న అమ్మకి తెలుసు.

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. ముప్పై దాటినా ఇంట్లో వాడు చిన్నోడే. ఒక సాయంత్రం పెట్రోలు బంకులో వరస తప్పించి ముందుకొచ్చిన కారువాడితో వాడికి మాటా మాటా పెరిగింది. కారువాడికి స్టేషన్లో తెలిసినవాళ్ళున్నారు, మావాడికి లేరు. చట్టం ముందు అందరూ సమానమే గాని ఫోను ముందు కాదు కదా. జీపు వచ్చింది, ఎక్కించుకుని పోయింది. పొద్దున్నే ఫోన్ చేసి, బాత్‌రూంలో కాలు జారి పడ్డాడు, పోయాడు, వచ్చి తీసుకెళ్ళండి అన్నారు.

పోలీస్ స్టేషన్ బాత్‌రూంలంత నున్నటి నేల ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదనుకుంటాను. పెద్ద పెద్ద హోటళ్ళలో పాలరాయి పరిచినా ఎవరూ చావరు. ఇక్కడ మామూలు గచ్చు మీద జారితే చాలు, వీపు మీద మోకాలి ఆనవాళ్ళు కూడా పడతాయి. మార్చురీలో దుప్పటి తీసి నేనే చూశాను. వెన్నుకి అటూ ఇటూ కమిలిపోయిన రెండు మచ్చలున్నాయి. డాక్టరు మొహమాటపడకుండా రాశాడు: వీపు మీద బరువు పడి ఊపిరాడక చనిపోయాడు, తెల్లవారేసరికే ప్రాణం పోయి చాలాసేపయింది. దాంతో ఇష్టం లేకపోయినా విచారణ పెట్టక తప్పలేదు.

అమ్మకి డాక్టరు కాగితం అక్కర్లేదు, పేపర్లో ఫోటో అక్కర్లేదు, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు అసలే అక్కర్లేదు. ఆవిడ అడిగింది ఒక్కటే.

“నా బిడ్డ మీద కూర్చున్నవాడు ఎవడు? వాణ్ణి ఒక్కసారి నాకు చూపించండి. ఏమీ చెయ్యను. చూస్తాను, అంతే.”

“చూసి ఏం చేస్తావక్కా? పోలీసోళ్ళతో స్నేహమూ వద్దు, వైరమూ వద్దు” అనేవాడు మా మేనమామ. మామయ్యకి ధైర్యం తక్కువ, సలహాలు ఎక్కువ. అయినా పాపం, విచారణ జరిగినన్ని రోజులూ ఫ్లాస్కు పట్టుకుని మా వెంటే వచ్చాడు.

మొదటి రోజు మొత్తం పేర్ల గొడవతోనే గడిచింది. పోలీసు శాఖ తరఫున వాదించే వకీలుకి మేం ‘ఇస్త్రీ’ అని పేరు పెట్టుకున్నాం. ఆయన కూర్చున్నా లేచినా కోటు మీద ముడత పడదు, మాట మీదా పడదు. ఆయన లేచి, ఆ రోజు డ్యూటీలో ఉన్న ముగ్గురూ తెర వెనక నుంచే సాక్ష్యం చెప్పాలని, వాళ్ళ పేర్లు ఎక్కడా రాకూడదని అడిగాడు.

“వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారండీ. పేరు బయటపడితే ప్రాణానికి ముప్పు” అన్నాడు.

“ఎవరివల్ల ముప్పు?” అంది మా వకీలమ్మ. ఆవిడ సంచి జిప్పు ఎప్పుడో పాడైంది, ఎన్ని కాగితాలు పెట్టినా సగం బయటికే ఉంటాయి. ఆవిడ మాటా అంతే, లోపల దాచుకోదు.

“చనిపోయినవారి కుటుంబం వల్ల” అన్నాడు ఇస్త్రీ, నా వైపు చూడకుండా.

మెజిస్ట్రేటు మాత్రం నా వైపు చూశాడు. మా కుటుంబం అంటే అమ్మ, నేను, మామయ్య. అమ్మ నాలుగు మెట్లెక్కితే రెండుసార్లు ఆగుతుంది. మామయ్య బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాడు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను, నా దగ్గరున్న ఆయుధం అద్దాలు తుడిచే గుడ్డముక్క. మా ముగ్గురికీ జడిసి తుపాకులు పట్టుకునే మగాళ్ళు ముగ్గురు తెర చాటుకి దూరుతున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట. ఇక్కడ ఇంకా ఎవడూ దొంగ అనలేదు, అప్పుడే భుజాలు కడిగేసుకుంటున్నారు.

“పోనీ, కన్నతల్లి ఒక్కర్తినైనా చూడనివ్వండి. తెర మిగతావాళ్ళకి పెట్టండి” అంది వకీలమ్మ.

మెజిస్ట్రేటు ఆలోచించాడు. ఆయన ఆలోచించేటప్పుడు పెన్ను మూత తీసి పెడుతూ ఉంటాడు. “ఆమె చూస్తే నలుగురికీ చెబుతుంది. నోట్లో నువ్వుగింజ నానదు కదా” అని నవ్వి, వద్దన్నాడు. పైగా గది చిన్నది గనక కుటుంబానికి ఒక్క కుర్చీయే ఇవ్వగలం అన్నాడు. పోలీసు శాఖవాళ్ళకి ఎనిమిది కుర్చీలు వేశారు. వాళ్ళ కుటుంబం పెద్దది మరి.

“నువ్వుండవే. నీకైతే వాళ్ళ మాటలు అర్థమవుతాయి” అని అమ్మ నన్ను లోపల కూర్చోబెట్టి, బయట వరండాలో బల్ల మీద కూర్చుంది.

తెర సంగతి చెప్పాలి. ఆసుపత్రిలో మంచానికీ మంచానికీ మధ్య పెట్టే చక్రాల తెర ఒకటి తెచ్చారు. అది నేలదాకా లేదు. కింద నుంచి మూడు జతల బూట్లు కనిపిస్తున్నాయి. అవి ముగ్గురివీ ఒకే రకం, ఒకే పాలిష్. అయినా ఇస్త్రీ లేచి అభ్యంతరం చెప్పాడు. బంట్రోతు ఎక్కడినుంచో పాత దుప్పటి మోసుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తెర అంచుకి పిన్నులు గుచ్చాడు. ఒక పిన్ను వేలికి గుచ్చుకుంటే మెజిస్ట్రేటు విచారణ ఆపి, “చూసుకోవయ్యా, సెప్టిక్ అవుతుంది” అని జాగ్రత్త చెప్పాడు. ఆ గదిలో ఒక మనిషి ఒంటి గురించి ఎవరైనా బాధపడటం నేను చూసింది అప్పుడే.

పేర్లకి బదులు అక్షరాలు పెట్టారు. సాక్షి క, సాక్షి ఖ, సాక్షి గ. మా షాపులో గోడకి అక్షరాల చార్టు ఉంటుంది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కింది వరస చదవమంటాను, చదవలేకపోతే అద్దం మారుస్తాను. ఇక్కడ ఏ అద్దం పెట్టినా లాభం లేదు. అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నా వాటి వెనక మొహం ఉండదు.

మధ్యాహ్నం బయటికొస్తే అమ్మ అడిగింది. “ఎవడో తెలిసిందా?”

“క, ఖ, గ అంటున్నారమ్మా.”

“వాళ్ళమ్మలు కూడా అలాగే పిలుస్తారా?” అంది అమ్మ. మామయ్య నవ్వబోయి, దగ్గు నటించాడు.

రెండో రోజు సాక్ష్యాలు మొదలయ్యాయి. సాక్షి క కి ఏమీ గుర్తులేదు. జీపు ఎవరు నడిపారో గుర్తులేదు, లాకప్ తలుపు ఎవరు తీశారో గుర్తులేదు. మావాడు తనని తిట్టిన తిట్లు మాత్రం ఒక్కటీ మర్చిపోకుండా వరసగా చెప్పాడు. సాక్షి ఖ కి అన్నీ గుర్తున్నాయి గాని అన్నీ జరిగినప్పుడు తను టీకి వెళ్ళాడు. సాక్షి క కూడా అప్పుడే టీకి వెళ్ళాడట. అంటే ఆ స్టేషన్‌ని కాసేపు మా చిన్నోడే కాపలా కాసుంటాడు. మెజిస్ట్రేటు ఇవన్నీ శ్రద్ధగా తల ఊపుతూ రాసుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఇక్కడ పిల్లికి కళ్ళు మూసి, గిన్నె అందించి, మూతి తుడిచి పంపుతున్నారు. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు ఒకటే అనిపించేది. భయం కాదు, దుఃఖం కూడా కాదు. అసహ్యం.

ఆ తర్వాత సాక్షి గ వంతు వచ్చింది.

వీడిది మెత్తటి గొంతు. ప్రతి మాటకీ “అవునండి”, “కాదండి” అంటూ, బడిలో బుద్ధిమంతుడిలా చెప్పుకొచ్చాడు. ఇస్త్రీకి ముగ్గురిలో ఇతనంటేనే ముద్దు. లాకప్ దగ్గర మనిషి లేడని మా వకీలమ్మ పొద్దుటినుంచీ సాధిస్తుంటే, ఉన్నాడని, అదీ క్రమశిక్షణతో ఉన్నాడని చూపించాలని ఆయన తాపత్రయం.

“తెల్లవారాక మీ పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చారు కదా?” అన్నాడు.

“వచ్చారండి.”

“అప్పుడు మీరేం చేశారు?”

“రిపోర్టు ఇచ్చానండి.”

అక్కడితో ఆగితే సరిపోయేది. కాని మంచి సాక్షి దొరికితే వకీలుకి ఆశ ఆగదు. “మీ శాఖలో రిపోర్టు ఎంత పద్ధతిగా ఇస్తారో కోర్టువారికి తెలియదు. ఆ రోజు ఎలా ఇచ్చారో అలాగే ఇవ్వండి” అన్నాడు. ఏదో వర్ణించి చెబుతాడనుకున్నాడు పాపం.

పోలీసువాళ్ళకి రిపోర్టు అంటే ఏమిటో ఇస్త్రీకి తెలియదు. శిక్షణలో మొదటి వారమే నేర్పుతారట. పైవాడు ఎదురుగా వచ్చి నిలబడగానే నిటారుగా లేచి, మడమలు కొట్టి, తన పేరు, నంబరు, డ్యూటీ, లోపల ఎంతమంది ఉన్నారు, ఎలా ఉన్నారు, అంతా ఒక్క ఊపిరిలో అరవాలి. నిద్రలో లేపి అడిగినా అదే వరస రావాలి. ఒక్క ముక్క తప్పితే మైదానం చుట్టూ పరిగెత్తిస్తారు. అది నేర్చుకున్న పాఠం కాదు, ఒంట్లోకి ఎక్కిన అలవాటు.

తెర వెనక కుర్చీ వెనక్కి జరిగింది. మడమలు ఠక్కున తగిలాయి. తెర చక్రాల మీద వణికింది. అప్పటిదాకా మెత్తగా ఉన్న గొంతు ఒక్కసారి గది కప్పు ఎగిరేలా లేచింది. పేరు చెప్పాడు. నంబరు చెప్పాడు. “లాకప్ డ్యూటీ! లోపల ఒక్కడు! అంతా క్షేమం సార్!”

క, ఖ టీకి వెళ్ళిన వేళ మా చిన్నోడి దగ్గర మిగిలినవాడు ఈ పేరువాడే. తెర వెనక ఇంకో గొంతు, “ఓరి నీ...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఇస్త్రీ కోటు మీద మొదటిసారి ముడత పడింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. మా చిన్నోడి విషయంలో అది తిరగబడింది. వాడు జారాడన్న కాలిని ఇక ఎవరూ వెనక్కి తియ్యలేరు. వీడు జారిన నోటిని మాత్రం ఎలా వెనక్కి తియ్యాలా అని గదిలో పెద్దలందరూ తలలు పట్టుకున్నారు.

మెజిస్ట్రేటు పెన్ను మూత కింద పడింది. తీసుకోలేదు. “ఇప్పుడు ఈ గదిలో వినిపించినది ఎవరూ వినలేదు” అన్నాడు. “రికార్డు నుంచి ఆ వాక్యం కొట్టెయ్యండి.”

మా వకీలమ్మ లేచింది. “పేరు కొట్టెయ్యండి సార్, నంబరు కొట్టెయ్యండి. మిగతాది ఉంచండి. తెల్లవారేసరికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. తెల్లవారాక ఈయన ‘లోపల ఒక్కడు, అంతా క్షేమం’ అంటున్నాడు. ఆ ఒక్కడు అప్పటికే శవం. ఆ మాట ఉండాలి.”

“వాక్యం ఒకటే కదమ్మా. సగం విని సగం విననట్టు ఎలా కుదురుతుంది?”

“నిన్నటినుంచీ అలాగే కదా సార్ వింటున్నారు?”

“కూర్చోండి” అన్నాడు ఆయన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వాక్యం మొత్తం పోయింది. చచ్చిపోయినవాడిని క్షేమంగా ఉన్నాడని అరిచిన గొంతు, మా అందరి చెవుల్లో ఇంకా మోగుతుండగానే, లేకుండా పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ చేతిలో ప్రాణం పోతే కాలు జారింది, నిజం బయటికొస్తే ఎవరూ వినలేదు.

తర్వాత ఆయన ఒక ఆజ్ఞ చదివి వినిపించాడు. ఆ పేరుని మాటతో గాని, రాతతో గాని, సైగతో గాని ఎవరు ఎవరికి తెలియజేసినా అప్పటికప్పుడు అరెస్టు చేయిస్తానన్నాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

“మీకే చెబుతున్నాను. అర్థమైందా?”

“అర్థమైందండి.”

“మీ అమ్మగారికి కూడా చెప్పకూడదు.”

అందరినీ బయటికి పంపేశారు. వరండా నిండా జనం. ఇంకో గదిలో ఇంకో కేసుకి వచ్చినవాళ్ళు, వకీళ్ళు, గోడవారగా ఇద్దరు కానిస్టేబుళ్ళు. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర చిన్న వరస కూడా ఉంది. మా వకీలమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఇవాళ నోరు విప్పకమ్మా. పై కోర్టుకి వెళదాం. ఆర్డరు కొట్టేయిస్తాను, కొంచెం టైం పడుతుంది. అప్పటిదాకా లోపలే పెట్టుకో. నిన్ను వీళ్ళు లోపలేస్తే నేనెంతమందికని పరిగెత్తను?”

ఆవిడ చెప్పింది నిజమే. ఆ గదిలో నా మేలు కోరింది ఆవిడ ఒక్కతే. తల ఊపాను.

అమ్మ బల్ల మీద నుంచి లేవకుండానే నా మొహం చూసింది. చిన్నప్పటినుంచీ అంతే, మేం గుమ్మంలో ఉండగానే ఏం జరిగిందో ఆవిడకి తెలిసిపోతుంది.

“తెలిసింది కదూ?”

“చెప్పకూడదంటమ్మా.”

“ఎవరన్నారు?”

“మెజిస్ట్రేటు గారు.”

“ఆయనకి తెలుసా?”

“తెలుసు.”

“ఆ కోటాయనకి?”

“తెలుసు.”

“దుప్పటి తెచ్చిన బంట్రోతుకి?”

“తెలుసు.”

“నీకు?”

“తెలుసమ్మా.”

“మరి కన్నది నేను కదా. వాడికి నేనొక్కదాన్నే పరాయిదాన్నా?”

వకీలమ్మ నా మణికట్టు ఇంకా వదల్లేదు. వంగి అమ్మ చెవిలో చెప్పేయవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే నా మీద నాకే రోత పుట్టింది. తెరలూ దుప్పట్లూ గుసగుసలూ వాళ్ళవి. తప్పు చేసింది వాళ్ళు, చాటు కావలసింది వాళ్ళకి. మా అమ్మ ఏం తప్పు చేసిందని కొడుకుని చంపినవాడి పేరు దొంగసరుకులా చెవిలో అందుకోవాలి? వీధి చివరి నుంచి చిన్నోణ్ణి అన్నానికి పిలిచేటప్పుడు మేమెవరం గుసగుసలాడలేదు.

నేను నిటారుగా నిలబడి ఆ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, వరండా ఆ చివరిదాకా వినపడేలా చెప్పాను. ఇక్కడ రాయను. రాస్తే ఈ కాగితం మీదాకా రానివ్వరు.

మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఒకడు, “ఆఁ” అని వెనక్కి తిరిగాడు.

నీలం చొక్కా, చేతిలో సగం తాగిన గ్లాసు. అంత అరిచాక గొంతెండిపోయి ఉంటుంది. తన మొహం ఎవరికీ తెలియదన్న ధీమాతో తెర వెనక నుంచి నడిచొచ్చి అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. నలుగురిలో కలిసిపోయే మామూలు మొహం. మా షాపుకి వస్తే కుర్చీ వేసి, కింది వరస చదవండి అనేదాన్ని. పిలిచింది ఎవరో తెలిసేసరికి గ్లాసు ఉన్న చేత్తోనే మొహం కప్పుకోబోయాడు, నీళ్ళు చొక్కా మీద ఒలికాయి.

“చెయ్యి తియ్యి నాయనా” అంది అమ్మ. “చూడనీ.”

కేక వెయ్యలేదు. తిట్టలేదు. అడిగిన ఒక్కటీ తీసుకుంటున్నట్టు, తొందర లేకుండా చూసింది. వాడు చెయ్యి దించలేదు గాని కళ్ళు దాచుకోవడం మర్చిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముందు అమ్మని, తర్వాత వాణ్ణి చూశారు. వాడి చుట్టూ వరస ఖాళీ అయిపోయింది.

గోడవారగా ఉన్న కానిస్టేబుళ్ళిద్దరూ నా దగ్గరికి వచ్చారు. ఒకడు నా జబ్బ పట్టుకున్నాడు. “పదమ్మా, స్టేషన్‌కి” అన్నాడు. వకీలమ్మ ఏదో గట్టిగా చెబుతోంది, మామయ్య ఫ్లాస్కు పట్టుకుని బల్ల చాటుకి జరుగుతున్నాడు. స్టేషన్ అన్న మాట వినగానే అమ్మ నీలం చొక్కావాణ్ణి వదిలేసి ఇటు తిరిగింది. బల్ల పట్టుకుని లేచి, నెమ్మదిగా నడిచొచ్చి, మా ముగ్గురికీ అడ్డంగా నిలబడింది.

“మీ పేర్లేంటి?”

“పక్కకి జరగమ్మా” అన్నాడు రెండోవాడు.

“చిన్నోణ్ణి తీసుకెళ్ళినప్పుడు నాకు అడగాలని తెలియలేదు” అంది అమ్మ. “నాకు మిగిలింది ఇదొక్కతే. పేరు చెప్పు. అప్పుడు పట్టుకో.”